దుప్పటి ఇచ్చి ఫోటో తీస్తే సాయమా?

2020 అక్టోబరు మొదట్లో బోరబండలో భూమిలోంచి శబ్దాలు వచ్చాయి. జనం పిల్లల్ని చంకనేసుకుని ఇళ్ళలోంచి బయటికి పరిగెత్తారు. ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రవేత్తలు ఇవి స్వల్ప ప్రకంపనలే, భయం లేదన్నారు. రెండు వారాలు తిరక్కుండానే, 13వ తేదీన, నగరమంతా వరద. 2022 అక్టోబరులో బోరబండ వీధుల్లో వాన నీరు వాహనాలనే ఈడ్చుకుపోయింది.

ఆపద వచ్చినప్పుడల్లా చర్చి సంఘాలు కదులుతాయి. కాదనం. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలమంది కొట్టుకుపోయాక, కాసా వంటి క్రైస్తవ సంస్థలు మన తీరంలో తుఫాను షెల్టర్లు కట్టాయి. అప్పుడు పంచిన దుప్పట్లు ఏనాడో చిరిగిపోయాయి. షెల్టరు మాత్రం కులం, మతం అడక్కుండా ఊరందరికీ నీడనిచ్చింది.

మరి ఇప్పుడు జరుగుతున్నదేమిటి? బ్యానరు, ప్రార్థన, పొట్లం, ఫోటో! వరుసలో నిలబడేది ఆడవాళ్ళు, వేదిక మీద కూర్చునేది మగవాళ్ళు. స్త్రీల సమాజం అన్నం వండాలి, ఎవరికి పెట్టాలో మాత్రం సంఘ పెద్దలు తేలుస్తారు. ఇదేం న్యాయం? ఏ ఇంట్లో బాలింత ఉందో, ఏ ఒంటరి స్త్రీ కుట్టుమిషను తడిసి పాడయిందో, ఎవరికి నాలుగిళ్ళ పాచిపని పోయిందో తెలిసింది ఎవరికి?

2020లో ప్రభుత్వం వరద బాధిత కుటుంబానికి 10 వేల రూపాయలు ప్రకటించింది. మీసేవ కేంద్రాల ముందు ఆడవాళ్ళు గంటల తరబడి నిలబడ్డారు. నవంబరు 18న, మునిసిపల్ ఎన్నికల కారణంగా, ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపించింది. ఆ రోజుల్లో ఎన్ని చర్చిలు వాకిట్లో బల్ల వేసి దరఖాస్తులు రాసిపెట్టాయి? అద్దె ఇంటి ఆడమనిషి తరఫున ఎంతమంది పాస్టర్లు ఆఫీసుకు వెళ్ళి నిలదీశారు? రొట్టె పంచడం తేలిక. హక్కు అడగడమే కష్టం.

“మా కానుకలు ముందు మా విశ్వాసులకే” అనే పెద్దలున్నారు. మంచి సమరయుడు గాయపడినవాణ్ణి మతం అడిగాడా? సాయాన్ని మతప్రచారానికి వాడకూడదని 1994లో రెడ్‌క్రాస్ ప్రవర్తనా నియమావళి చెప్పింది. సహాయంలో లింగ, కుల, మత వివక్ష చూపరాదని 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షను చెబుతోంది. మతం పేరుతో హక్కు కోసేస్తే ఎలా ఉంటుందో, 1950 రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల షెడ్యూల్డు కులాల హోదా కోల్పోయిన దళిత క్రైస్తవులకు కొత్తగా చెప్పాలా?

చర్చి దగ్గర పక్కా భవనం ఉంది, మరుగుదొడ్డి ఉంది, జనానికి దానిమీద నమ్మకం ఉంది. వాన మొదలైన రాత్రే ఆ తలుపులు అందరికీ తెరవాలి. ఆడవాళ్ళు పడుకునే చోటికి గడియ, దీపం ఉండాలి. పొట్లంలో బియ్యంతోపాటు నెలసరి గుడ్డలూ పెట్టాలి. నష్టపోయినవారి జాబితా బస్తీ స్త్రీలే రాయాలి, అందులో ముస్లిం, హిందూ, క్రైస్తవ ఇళ్ళన్నీ ఉండాలి. కుటుంబ పెద్ద గడిలో ఆడదాని పేరు పడాలి. ఖర్చుల లెక్క అందరి ముందూ చదవాలి. నీళ్ళు తగ్గాక కూడా, చివరి దరఖాస్తు తేలేవరకు, ఆ బల్ల తియ్యకూడదు.

ఈ మాట చర్చిలకే కాదు, బ్యానరు కట్టుకుని వెళ్ళే మన సంస్థలకూ వర్తిస్తుంది. చేయి చాచి తీసుకునే మనిషిగా కాక, లెక్క అడిగే మనిషిగా బస్తీ స్త్రీ నిలబడిన రోజే మనం చేసింది సాయం.