స్టీరింగ్ చేతికొచ్చింది ఎంతసేపు?

డ్రైవింగ్ స్కూల్లో ఇరవయ్యో రోజు. సిగ్నల్ పడింది, క్లచ్ వదిలారు, కారు ఒక్క కుదుపుతో ఆగిపోయింది. వెనక ఆటోవాళ్ల హారన్లు. పక్కనున్న మాస్టారు ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూశారు. అదే ఎక్కువ గుచ్చుకుంటుంది. ‘ఇక నావల్ల కాదు’ అని చాలామంది ఆ సాయంత్రమే మానేస్తారు, ముఖ్యంగా నలభై దాటాక నేర్చుకుందామని వచ్చిన ఆడవాళ్లు. అర్ధరాత్రి మామగారికి ఆయాసం వస్తే ఇంటిముందు కారున్నా ఆటో కోసం పరుగెత్తాల్సిందే.

మానేసేముందు ఓ చిన్న లెక్క వేసుకోండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం సొంత కారు నడిపేవాళ్లకిచ్చే శిక్షణ కనీసం 21 రోజులుండాలి. అందులో కనీసం 10 గంటలు బండి నడపాలి. మరి మీ సంగతి? రోజుకు అరగంట క్లాసు. ఎక్కడం, దిగడం, సీటు జరుపుకోవడం, సిగ్నళ్ల దగ్గర ఆగడం... నికరంగా మీరు నడిపింది పావుగంట అనుకుందాం. ఇరవై రోజులకు ఐదు గంటలు! ఐదు గంటల్లో ఎవరికైనా చపాతీలు గుండ్రంగా వచ్చాయా?

ఇంకో చిక్కుంది. స్కూలు కారులో మాస్టారి కాళ్ల దగ్గరా క్లచ్, బ్రేకు ఉంటాయి. మీరు తడబడినప్పుడల్లా ఆయన కాలు సర్దేస్తుంది. అందుకే అక్కడ చక్కగా నడిపినవాళ్లు కూడా సొంత కారు తీసిన రోజు వీధి మలుపు దాటలేకపోతారు. నేర్చుకున్నదంతా మరచిపోయామని బెంగపడతారు. అప్పటిదాకా సగం నడిపింది మాస్టారే మరి! ‘ఇవాళ క్లచ్ జోలికి రాకండి, బ్రేకొక్కటి చూసుకోండి’ అని ముందే అడగండి. కారు నాలుగుసార్లు ఎక్కువ ఆగుతుంది. ఆగనివ్వండి.

ఆదివారం పొద్దున్నే ఏదైనా ఖాళీ మైదానానికి వెళ్లండి. పక్కన లైసెన్సున్న మనిషి ఉండాలి, కారుకు ఎల్ బోర్డు ఉండాలి. మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టుకోకుండా క్లచ్‌ని మెల్లగా వదులుతూ రండి. ఒకచోట ఇంజిన్ శబ్దం మారుతుంది, బండి సన్నగా వణుకుతుంది. కాలు అక్కడే ఆపండి. కారు దానంతటదే కదులుతుంది. ఆపి, మళ్లీ మొదలుపెట్టండి. ఇలా యాభైసార్లు. విసుగు పుడుతుంది, నిజమే. కానీ ఆ చోటు బుర్రకు తెలిస్తే చాలదు, కాలికి తెలియాలి. బంజారాహిల్స్‌లాంటి ఎత్తుల్లో ఉండేవాళ్లు దీనికి హ్యాండ్‌బ్రేకును కూడా కలుపుకోవాలి. బ్రేకు వేసి ఉంచి, క్లచ్‌ని ఆ చోటికి తెచ్చి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చాక బ్రేకు దించితే బండి వెనక్కి జారదు.

పక్కసీట్లో శ్రీవారు ఉంటే మాత్రం కష్టం. ‘బ్రేకు... గేరు... అటు కాదు!’ ఒకేసారి మూడు మాటలు. కొత్తవాళ్లకు ఎక్కేది ఒక్కటే. ఆ పని తమ్ముడికో, ఓపికున్న మరిదికో అప్పగిస్తే ఇంట్లో గొడవలు కూడా తగ్గుతాయి.

లెర్నర్స్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. అంటే 26 ఆదివారాలు. నెల దాటాక పరీక్షకు వెళ్లొచ్చు. ‘హెచ్’ ట్రాక్‌లో రివర్సు తీస్తూ తప్పినా, ఏడు రోజుల తర్వాత మళ్లీ అవకాశం ఉంటుంది. ఆ వారమంతా రోడ్డెక్కకుండా, మైదానంలో నాలుగు ఇటుకలు పెట్టుకుని ఒక్క రివర్సే తీస్తూ ఉండండి.