మొదటి గిటారు: వెల తక్కువైనను సులువుగా పలుకవలయును

మన హోసూరు ప్రాంతపు విద్యార్థులలో గిటారు నేర్వవలెనను కోరిక గలవారు అనేకులు కలరు. తల్లిదండ్రులును కాదనుట లేదు. అయితే కొనుటకు బయలుదేరునప్పుడు మాత్రము తరచుగా ఒకే మాట వినబడుచున్నది: "ముందు ఏదో ఒక చవక గిటారుతో కానిమ్ము, చేయి తిరిగిన తరువాత మంచిది కొందము." ఈ మాట వివేకముగనే తోచును. నాకు మాత్రమిది తలక్రిందుల ఆలోచన. చేయి తిరిగినవాడు మొండి వాద్యమునైనను లొంగదీసికొనగలడు. చేయి తిరుగనివానికే సులువైన వాద్యము కావలయును. చవకదనమునకు నేను విరోధిని కాను. ఫీజులు, పుస్తకములు, బస్సు ఖర్చులు పోగా మన యిండ్లలో మిగులునది ఎంతయో అందరెరిగినదే. వెల తక్కువగా నుండియు వాయించుటకు సులువైన గిటారు దొరకును. దానిని రంగు చూచి కాక, కొలిచి తెచ్చుకొనవలయును.

కష్టమంతయు ఎక్కడ నున్నదో ముందు తెలిసికొందము. గిటారు మెడమీద అడ్డముగా లోహపు కమ్ములుండును. వానిని ఫ్రెట్లందురు, మన వీణకు మెట్లెట్టివో దీనికివి యట్టివి. తీగను వేలితో ఫ్రెట్టుపైకి అదిమినప్పుడు స్వరము మారును. తీగలు ఫ్రెట్లకు మిక్కిలి ఎత్తున నున్నచో కలుగు కీడులు రెండు. మొదటిది వ్రేళ్ల నొప్పి. అది అందరికిని తెలిసినదే. రెండవది అంతకంటె చెడ్డది. తీగను ఎంత దూరము క్రిందికి నొక్కిన అంత సాగును. సాగిన కొలది బిగువు హెచ్చును. బిగువు హెచ్చినచో స్వరము పైకి పోవును. కావున విడి తీగలన్నిటిని చక్కగా శ్రుతి చేసినను, వ్రేళ్లు మోపగానే అపశ్రుతి పలుకును. పాపము, పిల్లవాడు పుస్తకములో చెప్పిన చోటనే వేలుంచినాడు. గురువు చెప్పినంత గట్టిగనే నొక్కినాడు. అయినను వినబడునది వికారము. చెవి బాగుగా నున్న పిల్లలకే ఈ బాధ యెక్కువ. నెల తిరుగకముందే గిటారు బీరువా పైకెక్కును. "వానికి స్వరజ్ఞానము లేదు" అని ఇంటివారు తీర్మానింతురు. ఆ తీర్పును ఆ పిల్లవాడు, లేక ఆ బాలిక, పెద్దయైన తరువాత కూడ నమ్మును. ఇంతకును దోషము గుర్రము మీది చిన్న బద్దలో ఒకటి రెండు మిల్లీమీటర్లే. చవక గిటారు కొని మిగిల్చిన డబ్బుతో ఈ నష్టము తీరదు.

ఇక రకముల సంగతి. గిటార్లు ముఖ్యముగా రెండు విధములు: నైలాను తీగలవి, ఉక్కు తీగలవి. ఆరు నైలాను తీగల బిగువు మొత్తము సుమారు 40 కిలోలు. ఉక్కు తీగలది సాధారణముగా 70 కిలోలకు మించును. లేత వ్రేళ్లకు ఏది మేలో ఈ లెక్కయే చెప్పుచున్నది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు నైలాను తీగల గిటారే కొనవలెనని నా అభిప్రాయము. అయితే దానికొక లోపము కలదు. మెడ వెడల్పు. నైలాను గిటారు మెడ పైభాగమున సుమారు 52 మిల్లీమీటర్లుండును. ఉక్కు తీగలదానికి 43 సమీపముననుండును. చేయి చిన్నదైనచో పూర్తి పరిమాణపు గిటారు, అనగా తీగ నిడివి 650 మిల్లీమీటర్లున్నది, అందదు. అట్టి పిల్లలకు ముప్పాతిక గిటారు కొనవలయును. "రేపు ఎదుగును గదా" అని పెద్దది కొనుట చొక్కా విషయమున చెల్లును గాని ఇచ్చట చెల్లదు.

పదవ తరగతివారు కొందరు సినిమా పాటల గిటారు నాదమే కావలెనందురు. ఆ నాదము చాలవరకు ఉక్కు తీగలదే. వారి కోరికను కాదనుట అన్యాయము. అట్టివారు మొదటి తీగ మందము 0.010 అంగుళమున్న సన్న తీగల కట్టను వేయించుకొనిన నొప్పి తగ్గును. కాని నైలాను తీగలకై చేసిన గిటారుకు ఉక్కు తీగలు ఎన్నడును బిగింపరాదు. ఆ బిగువుకు గుర్రము ఊడివచ్చును.

దుకాణమునకు పోవునప్పుడు జేబులో ఒక అట్టముక్క ఉంచుకొనుడు. దాని అంచు నుండి 2, 3, 4 మిల్లీమీటర్ల గీతలు గీసికొనుడు. బడి స్కేలు పనికిరాదు. దాని సున్న చాలవరకు అంచుకు కొంత లోపలనుండును. అట్టముక్కను పండ్రెండవ ఫ్రెట్టుపై నిలిపి తీగ అడుగువరకు ఎత్తు చూడుడు. నైలాను గిటారులో సన్న తీగకు 3, లావు తీగకు 4 మిల్లీమీటర్లు దాటరాదు. ఉక్కు తీగలకు 2, రెండున్నర ఉండిన చాలును. తరువాత ఒక్కొక తీగను ఒక్కొక ఫ్రెట్టువద్ద నొక్కి మీటుచు పోవలయును. ఎక్కడనైన జరజర శబ్దము వచ్చినచో ఆ గిటారును విడిచిపెట్టుడు. పండ్రెండవ ఫ్రెట్టు తీగకు సరిగా నడుమ నుండును గనుక అచ్చటి స్వరము విడి తీగ స్వరమునకు పై స్థాయిది కావలయును. చెవికి తెలియనిచో సెల్ ఫోనులోని శ్రుతి యంత్రము తెలుపును. మెడ అంచున వేలు రాచినప్పుడు ఫ్రెట్ల కొనలు గీచుకొనరాదు. బిరడలు జారరాదు. ఇంతకు మించి చూడవలసినది లేదు. పైపలక ప్లైవుడ్డు దయినను మొదటి గిటారుకు దోషము కాదు. ఎండ కాక, గాలి మార్పులు అదియే ఎక్కువగా ఓర్చుకొనును. ఉచితముగా నిచ్చు సంచి, పట్టీ, రంగురంగుల మీటుబిళ్లలు చూచి మోసపోవలదు. ఇల్లు కదలక తెప్పించుకొను గిటారుకు ఈ పరీక్షలేవియు జరుగవు. బెంగుళూరు మనకు 40 కిలోమీటర్ల దూరము. ఒక ఆదివారము దానికై వెచ్చింపవచ్చును.

డబ్బు విషయమున నా సలహా కొందరికి వింతగా తోచవచ్చును. ఐదు వేలు దాచుకొనినవారు ఐదు వేల గిటారు కొనరాదు. నాలుగు వేలది కొని, మిగిలినది గిటార్లు బాగుచేయు పనివానికై ఉంచుకొనవలయును. తీగల ఎత్తు కొంచెము ఎక్కువైనను, తక్కినవన్నియు బాగున్న గిటారును అతడు సరిచేయగలడు. ఇందులో బడిలో చెప్పు రేఖాగణితమే ఉన్నది. పండ్రెండవ ఫ్రెట్టు నడుమ నుండుటచే, అక్కడ ఎత్తు 1 మిల్లీమీటరు తగ్గవలెనన్నచో గుర్రము మీది బద్ద అడుగున 2 మిల్లీమీటర్లు అరుగదీయవలయును. సరూప త్రిభుజముల పాఠము చదివినవారు కాగితముపై గీచి చూచుకొనుడు. పని చిన్నదే గాని ఇంటిలో ఆకురాయితో ప్రయత్నింపవలదు. ఎక్కువ అరిగినచో తీగలు ఫ్రెట్లకు తగిలి మ్రోగును.

"మనము మన భాష నిలుపుకొనుటకే శ్రమపడుచుండగా ఈ పరాయి వాద్యమేల?" అను పెద్దలు కలరు. వయొలిను ఐరోపానుండి వచ్చినదే. దానిని కర్ణాటక సంగీతమున ప్రవేశపెట్టినవారు బాలుస్వామి దీక్షితులు. 1893లో బెంగుళూరున జన్మించి విజయనగరమున వెలుగొందిన ద్వారం వేంకటస్వామి నాయుడుగారి చేతిలో అది పరాయిది కాలేదు. 1969లో పాలకొల్లున పుట్టిన యు. శ్రీనివాస్ మాండలినునే తన ఇంటిపేరుగా చేసికొనెను. గమకములతో కీర్తనలు నేర్వగోరు పిల్లలకు గిటారుకంటె వీణయో, వయొలినో మేలని నేనును ఒప్పుకొందును. కాని గిటారుకు వేరొక గుణము కలదు. అది పాడువాని గొంతుకు తోడు. మూడు నాలుగు కార్డులు వచ్చినచో అనేక పాటలకు చాలును. పాడువాడు మాత్రము నోరు విప్పక తప్పదు. వీధిలో తమిళము, సంతలో కన్నడము మాట్లాడు మన పిల్లలు సాయంకాలము అరుగుపై కూర్చుండి పాడునప్పుడు అమ్మ నేర్పిన తెలుగు పాట వచ్చుటకు వీలున్నది. బీరువాపై నున్న గిటారుతో అదియు రాదు.

ఒక సూచన చేసెదను. తల్లిదండ్రులు పదిమంది కలిసి రెండు గిటార్లు కొని పాఠశాలలో ఉంచవచ్చును. ఒకటి పూర్తి పరిమాణముది, ఒకటి ముప్పాతికది, రెండును నైలాను తీగలవే. కొనగోరిన ఇంటివారికి పిల్లకు ఏది అందునో, కోరిక నిలుచునో లేదో తెలియుటకు మూడు వారములు ఎరవిచ్చిన చాలును. తీగ తెగినచో తెచ్చుకొనినవారే క్రొత్తది వేయించి తిరిగి ఇయ్యవలయును.