మేతలో నూనె, చూపులో మసి

కోల్‌కతాలో కోడికూర ధర పెరిగినప్పుడల్లా తిట్లు దళారులకే. అసలు లెక్క మాత్రం మేత బస్తాలో ఉంటుంది. బ్రాయిలర్ పెంపకం ఖర్చులో సింహభాగం మేతదే. కిలో మొక్కజొన్న నుంచి కోడికి దక్కే శక్తి దాదాపు 3,300 కిలోకేలరీలు. కిలో నూనె నుంచి దానికి రెండున్నర రెట్లకు పైనే. చివరి వారాల్లో కిలో మేతలో 3,100 కిలోకేలరీలైనా ఉండాలి. సోయా చెక్క కలిపాక ఒక్క మొక్కజొన్నతో ఆ లెక్క కుదరదు. అందుకే రెండు మూడు శాతం నూనె కలుపుతారు. బెంగాల్ ఉక్కపోతలో కోడి మేత తగ్గిస్తుంది. కొవ్వు అరిగేటప్పుడు ఒంట్లో పుట్టే వేడి తక్కువ కనుక అప్పుడు నూనె మరీ అక్కరకొస్తుంది.

చిక్కల్లా ధరతోనే. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా దిగుమతే. ఇండోనేసియా 2022 ఏప్రిల్‌లో పామాయిల్ ఎగుమతి ఆపినా, కేంద్రం 2024 సెప్టెంబరులో ముడినూనెపై సుంకం పెంచినా సెగ వంటింటితో పాటు కోళ్ల ఫారానికీ తగిలింది. మరోవైపు మొక్కజొన్న ఇథనాల్‌ తయారీకి తరలిపోతోంది.

ఇలాంటప్పుడే చవక నూనె మీద కన్ను పడుతుంది. మరిగి మరిగి నల్లబడిన నూనె మేతలోని విటమిన్ ఇని నాశనం చేస్తుంది. వాడేసిన నూనెను బయోడీజిల్‌కు మళ్లించే పథకాన్ని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018లో మొదలుపెట్టింది. కానీ రికార్డులు రాయాలన్న నిబంధన రోజుకు 50 లీటర్లకు మించి వాడేవారికే. సందు మొదట్లోని తేలేభాజా బండి ఆ లెక్కలోకి రాదు. దాని బాండీలో మిగిలిన నూనె ఎటు పోతోందో చెప్పే కాగితమే లేదు.

ఈ నిర్లక్ష్యానికి మూల్యం ఎంతో బెల్జియం చవిచూసింది. 1999లో అక్కడ మేత కొవ్వులో పారిశ్రామిక నూనె కలిసి డయాక్సిన్ కోళ్లలోకి, గుడ్లలోకి చేరింది. ఇద్దరు మంత్రులు రాజీనామా చేశారు. ఆ జూన్ ఎన్నికల్లో ప్రభుత్వమే ఓడింది. కోల్‌కతాకు సొంత అనుభవమూ ఉంది. 1988లో బెహాలాలో ట్రైక్రెసిల్ ఫాస్ఫేట్ కలిసిన రేప్‌సీడ్ నూనె తిని వందలాది మంది కాళ్లు చచ్చుబడ్డాయి. విచిత్రమేమంటే, ఆ తరహా విషాన్ని ప్రయోగశాలల్లో పరీక్షించేది కోడిపెట్టల మీదే. నరాల విషయంలో అవి మనిషిలాగే దెబ్బతింటాయి.

బస్తా మీద కొవ్వు శాతం అచ్చేస్తే సరిపోదు. అది ఏ నూనె, ఎక్కడి నుంచి వచ్చిందన్నదీ రాయాలి. మిల్లుకు చేరే ప్రతి ట్యాంకరు నుంచీ నమూనా తీయాలి. కోడి తిన్నది చివరికి మన కంచంలోకే వస్తుంది.