ఇంటనుండి పశువైద్య సహాయకవిద్య

చిటుకురోగము సోకిన గొఱ్ఱె ప్రొద్దున మేతకు పోయి సాయంకాలమునకు కాళ్లు కొట్టుకొని చచ్చును. అప్పుడు వైద్యునికై పరుగిడుటవలన ప్రయోజనము స్వల్పము. తొలకరివానలకు ముందే టీకా వేయించుట దానికి నివారణోపాయము. ఈ సంగతి శాస్త్రజ్ఞులకే కాదు, తాడిమఱ్ఱి ప్రాంతపు కాపరికిని దెలియును. వాన తప్పి వేరుసెనగ పోయిన యేట ఆ యింటికి నిలుచునది మందయే కదా. అతనికి కావలసినది, మంద యెక్కడ మేయుచున్నను సకాలమున అచ్చటికి వచ్చి, మందుసీసాను చల్లగాను సూదిని శుచిగాను ఉంచుకొని పనిచేయు నేర్పరి.

2019లో గ్రామ సచివాలయములతోపాటు పశుసంవర్ధక సహాయకుల యుద్యోగములు నేర్పడిన మాట వాస్తవము. కాని మంద సచివాలయము చెంత నుండదు, గడ్డి యున్న తావునకు పోవుచుండును. కావున ఊరివారిలోనే ఈ విద్య నెఱిగినవారు పెక్కండ్రు కావలయును.

వారెట్లు నేర్తురు? పదవతరగతి ముగించినవారికి పశుసంవర్ధక డిప్లొమా కలదు. 2005లో తిరుపతియందు స్థాపితమైన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయము ఆ పాలిటెక్నిక్కులను నడుపుచున్నది. చదువు మంచిదే. అయితే ఇల్లు విడిచి విద్యాలయముననే యుండి చదువవలెను. రెండావుల పాలమీద బ్రదుకు కుటుంబము కుమారుని అట్లు పంపజాలదు. ఇక వేకువనే లేచి పాలు పిదుకు కోడలి మాట చెప్పనేల? పశువు మేత మానిన సంగతి మొదట కనిపెట్టునది ఆమెయే. ఆమెకు ఈ విద్య అందుటకు ఇంటనుండి చదువు మార్గము తప్ప వేఱొకటి మాకు గోచరింపదు.

పశువైద్యమును తపాలాలో నేర్చుట యేమని కొందఱు నవ్వవచ్చును. వారి నవ్వు అకారణము కాదు. ఈనుటకు కష్టపడు ఆవును పటములో చూచినవాడు పటమునే చూచినవాడు. అయితే అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయము, శాన్ హువాన్ కళాశాల మున్నగునవి ఈ చిక్కును ఎట్లు విప్పినవో చూడుడు. వెటర్నరీ టెక్నీషియన్ అనబడు సహాయకుని చదువులో పుస్తకభాగమును ఇంటికే పంపుదురు. చేతిపనిని మాత్రము విద్యార్థి తన సమీపమందలి పశువైద్యశాలలో నేర్వవలెను. రక్తము తీయుట, కట్టు కట్టుట, మత్తిచ్చిన జంతువును కనిపెట్టియుండుట మొదలగు పనులు చేసి చూపనిదే పట్టా యీయరు. అచ్చట కుక్కలు, పిల్లులు హెచ్చు. మనకు గొఱ్ఱెలు, గేదెలు. పద్ధతికి దానివలన భంగము లేదు.

మనకును ఇది వింత గాదు. తెలుగునాట 1982లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయము పాడి సాంకేతికవిద్యలో డిప్లొమాను దూరవిద్యగా బోధించినది.

చట్టమును అడ్డు రాదు. 1984 నాటి భారత పశువైద్యమండలి చట్టము చికిత్సను రిజిష్టరైన వైద్యునికే విడిచినది. ఐనను డిప్లొమాగాని సర్టిఫికెట్టుగాని గల సహాయకులు వైద్యుని పర్యవేక్షణక్రింద టీకాలు వేయుట, విత్తులు కొట్టుట, గాయములకు కట్టు కట్టుట వంటి స్వల్పసేవలు చేయుటకు రాష్ట్రప్రభుత్వము అనుమతింపవచ్చునని అందే కలదు. ఇచ్చటనే పాఠకులు జాగరూకులై యుండవలెను. ప్రభుత్వము గుర్తింపని పట్టా గోడకు వ్రేలాడదీయుటకే పనికివచ్చును. ఒక్క పశువునైనను తాకనీయక రుసుము పుచ్చుకొని కాగితమిచ్చు సంస్థకు బిడ్డను అప్పగించుటకంటె ఆ సొమ్ముతో మేకపిల్లను కొనుట మేలు.

రిండర్‌పెస్టు అను పెద్దజాడ్యము ఒకప్పుడు ఊళ్లకూళ్లను ఎద్దులు లేకుండ జేసెడిది. అది లోకమునుండియే తొలగినట్లు 2011లో ప్రకటింపబడినది. ఆ కీర్తిలో సగమైనను, ఊరూర తిరిగి టీకాలు వేసిన పేరెఱుగని సహాయకులకు చెందవలెనని మా యభిప్రాయము.

కావున తిరుపతి విశ్వవిద్యాలయమువారు తెలుగున పాఠములు వ్రాయించి యిండ్లకు పంపవలెను. ఇన్ని టీకాలు, ఇన్ని కట్లు, ఇన్ని కాన్పులు అని లెక్క యేర్పఱచి, మండల పశువైద్యశాలలో వైద్యుని యెదుట చేయింపవలెను. ప్రభుత్వము ఆ పట్టాను ముందుగానే గుర్తింపవలెను. పశుసంపద గల ఆసాములు తమ కొట్టములను అభ్యాసమునకు తెఱచి యుంచవలెను. ఆవు బెదరునని వెనుదీయుట తగదు. నేర్పు వైద్యునికి ఆ శ్రమకు వేఱుగా వేతన మీయవలెను. ఉన్న పనికి తోడు ఇదియు చేయుమన్నచో ఆయన పుస్తకమునందు సంతకములు పెట్టును గాని, సూది పట్టుట నేర్పడు.