దిగుమతి ఆటలు

మానవ జీవితంలో ఆటకు ఉన్న స్థానం చాలా ప్రాచీనమైనది. ఆటకు సహజంగా సరిహద్దులు లేవు. మన దేశంలో పుట్టిన చతురంగం పారశీకం మీదుగా ఐరోపాకు చేరి ప్రపంచక్రీడగా మారింది. మన ముంగిళ్ళలో గవ్వలు వేసి ఆడుకున్న వైకుంఠపాళి పందొమ్మిదో శతాబ్దం చివరిభాగంలో ఇంగ్లండుకు వెళ్ళి అక్కడి పిల్లలను అలరించింది. అరుగుమీద సుద్దముక్కతో గీసుకుంటే పులిజూదం సిద్ధమవుతుంది. దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో పుట్టిన వీడియో ఆటకు మాత్రం ఈ స్వేచ్ఛ లేకపోయింది. అది ఒక యంత్రానికీ, ఒక సంస్థకూ, ఒక దేశపు విపణికీ కట్టుబడి పుట్టింది. ఆ కట్లు నేడు కొంతవరకు వీడుతున్నాయి. అయితే వీడివచ్చిన ఆట మన దగ్గర నిలుస్తుందా అన్నది ఆలోచించవలసిన విషయం.

జపానుకు చెందిన నింటెండో సంస్థ 1983లో 'ఫ్యామికామ్' అనే ఆటయంత్రాన్ని స్వదేశంలో విడుదల చేసింది. దాని రూపు మార్చి 1985లో అమెరికాలో అమ్మకానికి పెట్టింది. ఆటను నిక్షిప్తం చేసిన పెట్టెను మనవాళ్ళు 'కేసెట్' అనేవారు. జపాను కేసెట్‌కు 60 పిన్నులు, అమెరికా కేసెట్‌కు 72 పిన్నులు ఉండేవి. అనుమతి లేని కేసెట్లను తిరస్కరించే చిప్ ఒకటి అమెరికా యంత్రంలో తాళంలా పనిచేసేది. ఏ ఆటను ఏ దేశంలో అమ్మాలో సంస్థలే నిర్ణయించేవి. ఈ కారణాలవల్ల ఎన్నో మంచి ఆటలు జపాను దాటి బయటకు రాలేదు. ఇతర దేశాలవారు వాటిని ఆడాలంటే అక్కడి నుంచి తెప్పించుకోవడం ఒక్కటే మార్గం. అందుకే వాటికి 'దిగుమతి ఆటలు' అనే పేరు వచ్చింది.

మన సికింద్రాబాదుకు ఇవి మరొక దారిలో వచ్చాయి. 1990ల్లో మన బజార్లలో దొరికిన ఆటయంత్రాలలో చాలావరకు ఫ్యామికామ్‌కు అనుకరణలే. వాటిలో జపాను కొలత కేసెట్లే పట్టేవి. అందువల్ల ఏనాడూ చూడని దేశపు ఆటలు ఇక్కడి పిల్లల చేతికి అందాయి. ఆ పిల్లలలో నేనూ ఒకడిని. ఒకసారి వేసవి సెలవుల్లో మా వీధిలోని దుకాణం నుంచి ఒక కేసెట్ అద్దెకు తెచ్చుకున్నాను. ఆట మొదలుకాగానే తెరమీద ఒక వృద్ధుడు కనిపించి జపాను లిపిలో ఏదో చెప్పేవాడు. ఆ మాటలలోనే ముందుకు సాగే దారి దాగి ఉందని నాకూ, నా తమ్ముడికీ అర్థమైంది గాని, మాటలు మాత్రం అర్థం కాలేదు. కేసెట్‌ను తీసి, ఉఫ్ మని ఊది, మళ్ళీ పెట్టి చూశాము. మూడు రోజులు ఆ ఊరి పొలిమేర దాటలేక తిరిగి ఇచ్చివేశాము. పెద్దయిన తరువాత పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సి.టి.సి. అని పిలిచే కంప్యూటర్ బజారుకు, వెళ్ళినప్పుడల్లా ఆ ఆట గుర్తుకు వచ్చేది. పేరైనా తెలియని వస్తువును ఏమని అడగగలను?

ఆ అనుకరణ కేసెట్లవల్ల మాకు వినోదం దక్కిన మాట నిజమే. కాని దానిలో అన్యాయం కూడా ఉంది. ఆ ఆటలను రూపొందించినవారికి ఆ అమ్మకాలవల్ల ఒక్క పైసా అందలేదు. వారి పేర్లు కూడా మాకు తెలియలేదు. ఇటువంటి స్థితిలో అంతర్జాలం ఒక కొత్త తలుపు తెరిచింది. 2006లో నింటెండో సంస్థ 'వీ' అనే యంత్రంతోపాటు 'వర్చువల్ కన్సోల్' పేరుతో పాత ఆటలను అంతర్జాలం ద్వారా అమ్మసాగింది. 2000లో జపానులో మాత్రమే వెలువడిన 'సిన్ అండ్ పనిష్‌మెంట్' అనే ఆట ఏడేళ్ళ తరువాత, 2007లో, ఈ మార్గంలోనే అమెరికా, ఐరోపాలకు చేరింది. ఆ ఆటలోని పాత్రలు జపాను ప్రతిలో సైతం ఆంగ్లంలోనే మాట్లాడతాయి. అంటే దాని ప్రయాణానికి అడ్డుపడినది భాష ఒక్కటే కాదని, వ్యాపారపు లెక్క కూడా అని గ్రహించవచ్చు.

ఇటువంటి ఉదాహరణలు మరికొన్ని ఉన్నాయి. 1989 నాటి 'మదర్' అనే ఆటకు ఆంగ్లానువాదం ఆ తరువాత కొద్దికాలానికే సిద్ధమైంది. అయినా అది విడుదలకు నోచుకోక మూలనపడింది. చివరికి 2015లో డౌన్‌లోడ్ రూపంలో వెలుగు చూసింది. 1995 నాటి 'సేకెన్ డెన్‌సెట్సు 3' అనే ఆట కోసం ఎదురుచూసి విసిగిన అభిమానులు తామే దానిని ఆంగ్లంలోకి మార్చుకున్నారు. అధికారికమైన అనువాదం 2019లో వెలువడింది. అచ్చులో లేని పుస్తకానికి పునర్ముద్రణ ఎటువంటిదో, పాత ఆటకు ఈ పునర్విడుదల అటువంటిది. కేసెట్లు తయారు చేయనక్కరలేదు, ఓడలపై పంపనక్కరలేదు. అమ్మకం కొద్దిగా ఉన్నా సంస్థకు నష్టం తక్కువ. రూపకర్తకు గౌరవం దక్కుతుంది. ఆడేవాడికి అర్థమయ్యే భాషలో ఆట అందుతుంది. కనుక ఈ ప్రయత్నాన్ని మనం స్వాగతించవలసిందే.

అయితే ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంతర్జాలం నుంచి దించుకోవడాన్ని కూడా తెలుగులో కొందరు 'దిగుమతి' అనే అంటారు. ఈ రెండు దిగుమతులకు గొప్ప భేదం ఉంది. ఓడలో వచ్చిన కేసెట్ మన బీరువాలో ఉంటుంది. అమ్మిన దుకాణం మూతపడినా అది మనదే. రెండవ దిగుమతి అటువంటిది కాదు. వీ యంత్రపు అంతర్జాల దుకాణం 2019 జనవరి 30న మూతపడింది. దాని తరువాత వచ్చిన 'వీ యూ', '3డి.ఎస్.' యంత్రాల దుకాణంలో కొనుగోళ్ళు 2023 మార్చి 27న ఆగిపోయాయి. 1990లో జపానుకే పరిమితమైన 'ఫైర్ ఎంబ్లమ్' తొలి ఆటను 2020 డిసెంబరు 4న ఆంగ్లంలో విడుదల చేసి, 2021 మార్చి 31 తరువాత అమ్మకం నిలిపివేశారు. ముప్పై ఏళ్ళు ఎదురుచూసినవారికి ఆ తలుపు నాలుగు నెలలపాటు మాత్రమే తెరుచుకుంది. దీనిని పునర్ముద్రణ అనాలా, తిరునాళ్ళ అమ్మకం అనాలా?

ఈ విధంగా కొన్నవి సొంత వస్తువులు కావని, వాడుకోవడానికి ఇచ్చిన అనుమతులు మాత్రమేనని చాలామందికి తెలియదు. ఆ సంగతిని కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పి తీరాలని అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసింది. అది 2025 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. వీడియో ఆటల చరిత్రను పరిరక్షించే ఒక సంస్థ అమెరికాలో జరిపిన అధ్యయనం 2023లో వెలువడింది. ఆ దేశంలో విడుదలైన పాత ఆటలలో 87 శాతం ఏ దుకాణంలోనూ లభించడం లేదని అందులో తేలింది. ఆటలకు పుట్టినిళ్ళలో ఒకటైన దేశంలోనే ఈ స్థితి ఉంటే, ఇతర దేశాల మాట చెప్పనక్కరలేదు.

ఇది పరాయి దేశాల సమస్య అని మనం ఉపేక్షించరాదు. 2009లో మన హైదరాబాదులో తయారైన 'హనుమాన్: బాయ్ వారియర్' అనే ఆట ప్లేస్టేషన్ 2 యంత్రంపై విడుదలైంది. అదే కాలంలో కబడ్డీ, గిల్లీదండా వంటి మన వీధి ఆటలతో కూర్చిన 'దేశీ అడ్డా' అనే ఆట కూడా ఈ నగరంలోనే రూపొందింది. ప్లేస్టేషన్ 2 తయారీ 2013 నాటికి ఆగిపోయింది. దాని డిస్కులు ప్లేస్టేషన్ 4, 5 యంత్రాలపై పనిచేయవు. గుణదోషాల విచారణ అటుంచితే, తెలుగు నేలపై ఈ కళ వేసిన తొలి అడుగులలో అవి ఉన్నాయి. పాత యంత్రాలు పాడైపోయిన నాడు ఆ అడుగుల జాడ కూడా చెరిగిపోతుంది. మన సినిమా విషయంలో ఇది ఒకసారి జరగనే జరిగింది. భారతదేశపు తొలి టాకీ 'ఆలం ఆరా' 1931లోను, తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లోను విడుదలయ్యాయి. ఆ చిత్రాల ప్రతులు నేడు మనకు లేవు. ఫోటోలు, ప్రకటనలు చూసి తృప్తిపడుతున్నాము.

ఆటలు కాలహరణానికి పుట్టినవి, వాటిని దాచడమెందుకని కొందరు అంటారు. సినిమాను గురించి కూడా ఒకనాడు పెద్దలు ఇదే మాట అన్నారు. కథ, చిత్రలేఖనం, సంగీతం, గణితం కలిసిన కృతిని కాలహరణమని తీసివేయడం తొందరపాటు. తమ సొత్తును ఎప్పుడు అమ్ముకోవాలో సంస్థల ఇష్టమని మరికొందరు వాదిస్తారు. ఈ వాదంలో న్యాయం లేకపోలేదు. కాని మన కాపీరైటు చట్టం కంప్యూటర్ ప్రోగ్రాములను సాహిత్య కృతులతోపాటు లెక్కిస్తుంది. సాహిత్యానికి ఉన్న రక్షణ పొందినప్పుడు, సాహిత్యానికి ఉన్న బాధ్యత కూడా ఉండాలి కదా! 1954 నాటి పుస్తకాల అప్పగింత చట్టం ప్రకారం, ప్రకటించిన ప్రతి పుస్తకాన్నీ ప్రచురణకర్త కలకత్తాలోని జాతీయ గ్రంథాలయానికీ, మరి మూడు గ్రంథాలయాలకూ తన ఖర్చుతో పంపాలి. జపాను జాతీయ గ్రంథాలయం 2000 నుంచి డిస్కుల రూపంలో వచ్చే ఎలక్ట్రానిక్ ప్రచురణలను కూడా ఇదే పద్ధతిలో సేకరిస్తున్నది. మన దేశంలో తయారయ్యే ఆటలకు ఇటువంటి నియమం చేయడం అసాధ్యమైన పని కాదు.

1891లో ఆసఫియా గ్రంథాలయంగా ఆరంభమైన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో, అంగళ్ళలో దొరకని పుస్తకాన్ని కూర్చుని చదువుకొనే వీలు ఉంది. అటువంటి చోట ఒక గదిలో పాత ఆటలనూ, వాటిని నడిపే యంత్రాలనూ ఉంచితే, సంస్థల వ్యాపారానికి భంగం కలగదు. అమ్మకం ఉన్నంతకాలం అమ్ముకోవడం వారి హక్కు. అమ్మకం ఆపిన తరువాత ఒక ప్రతిని ప్రజలకోసం మిగల్చడం వారి ధర్మం.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ప్రోగ్రాములు రాస్తారు, కొందరు అనువాదకులు అవుతారు, కొందరు చట్టాలు చదువుతారు. ఈ పనికి ముగ్గురూ కావాలి. మీరు ఆడిన ఆటను మీ తరువాతివారు కూడా ఆడగలగాలి, అర్థం చేసుకోగలగాలి. తెరమీద వృద్ధుడు చెప్పిన మాట తెలియక మేము ఊరి పొలిమేర దగ్గరే ఆగిపోయాము. ఆ మాటను తెలుగులో చదివి, పొలిమేర దాటి వెళ్ళే అవకాశం మీ తమ్ములకూ చెల్లెళ్ళకూ కలగాలి.