కచేరీ అయ్యాక, ఫ్లైట్‌కి ముందు

అర్ధరాత్రి ఎయిర్‌పోర్ట్ బయట కూర్చుని, ముక్కూ మొహం తెలియని మనుషులతో పులిహోర పంచుకుని తిన్నారా ఎప్పుడైనా? నేను తిన్నాను. ఆదివారం రాత్రి, శంషాబాద్‌లో. కారణం ఇళయరాజా.

2023 ఫిబ్రవరి 25, 26 తేదీల్లో గచ్చిబౌలి స్టేడియంలో ఆయన కచేరీ జరిగిన సంగతి మీకు తెలిసిందే. అప్పట్లో మీ ఇన్‌స్టా నిండా అవే రీల్స్ ఉండుంటాయి. కాబట్టి కచేరీ గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. ఆ తర్వాత జరిగింది చెప్తాను.

రెండో రోజుకి నాన్నని విజయనగరం నుంచి రప్పించాను. నాన్నకి అరవై ఆరు. ముప్పై ఏళ్ళు మిల్లులో మిషన్ల పక్కన పనిచేసిన మనిషి. మా ఇంట్లో టీవీ కంటే ముందు టేప్ రికార్డర్ వచ్చిందట. నాన్న బీరువాలో ఇప్పటికీ క్యాసెట్లు ఉన్నాయి. వాటిలో పైన ఉండేది 'నథింగ్ బట్ విండ్'. 1988లో ఇళయరాజా స్వరపరిస్తే హరిప్రసాద్ చౌరాసియా వేణువు వాయించిన ఆల్బమ్. సినిమా కాదు, పాటలూ లేవు, వట్టి వాద్య సంగీతం. మిల్లు నుంచి వచ్చి స్నానం చేసి నాన్న అది పెట్టుకునేవాడు. ఆయనకి వేణువంటే అంత ఇష్టం.

అయిదేళ్ళుగా నాన్నకి వినికిడి తగ్గుతోంది. రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. ఫోన్లో మాట్లాడితే సగం మాటలు అందవు. "ఏటమ్మా?" అంటాడు. నేను గట్టిగా అంటాను. మళ్ళీ "ఏటి?" అంటాడు. నేను అరుస్తాను. ఆఫీసులో పక్కవాళ్ళు తిరిగి చూస్తారు. దాంతో మా ఫోన్ కాల్స్ చిక్కిపోయి చిక్కిపోయి చివరికి రెండు ముక్కల దగ్గరకొచ్చాయి. "తిన్నావా?" "తిన్నాను." అంతే.

టికెట్లు కొనేటప్పుడు ఇవన్నీ నేను ఆలోచించలేదు. ఆయన హీరో, ఆయన కచేరీ, సర్‌ప్రైజ్ ఇద్దాం అనుకున్నానంతే.

స్టేడియంలో పది నిమిషాలకి నాన్న రెండు చెవుల మిషన్లూ తీసి జేబులో వేసుకున్నాడు. చెవి మిషన్లు ముఖ్యంగా మాట వినడానికి చేసినవి. అంత పెద్ద స్పీకర్ల ముందు అవి శబ్దాన్ని నలిపేసి గరగరలాడిస్తాయి. తీసేస్తే? వయసుతో, మిషన్ల మోతతో దెబ్బతిన్న చెవికి ముందుగా దూరమయ్యేది పైస్థాయి శబ్దాలు. కింది స్థాయివి మిగులుతాయి. అంటే డ్రమ్ము వినిపిస్తుంది, వేణువు పైకి వెళ్ళినప్పటి మెరుపు వినిపించదు. వేణువు కోసం వచ్చిన మనిషి పక్కన కూర్చుని నేను ఫోన్ పైకెత్తి వీడియోలు తీస్తున్నాను. మొత్తం పదకొండు తీశాను. మధ్యలో ఒకసారి చూస్తే నాన్న కళ్ళు మూసుకుని, అరచేయి ముందు కుర్చీ వీపు మీద ఆనించి ఉన్నాడు. అలిసిపోయాడనుకున్నాను.

తెల్లవారుజామున విశాఖ ఫ్లైట్. ఇంటికెళ్ళి పడుకునే టైమ్ లేదు. బ్యాగ్ వెంటే ఉంది కాబట్టి క్యాబ్ ఎక్కి సరాసరి ఓఆర్ఆర్ మీదుగా శంషాబాద్ బయల్దేరాం. డ్రైవర్ అన్న అద్దంలోంచి చూసి నవ్వాడు. "మీరు గూడ ఇళయరాజా షో నుంచేనా మేడం? నిన్నటి సంది స్టేడియం కాడికెళ్ళి ఎయిర్‌పోర్ట్‌కే ట్రిప్పులు. ఎక్కినోళ్ళందరు పాడుకుంటనే వస్తున్నరు." మేం మాత్రం పాడట్లేదు. నాన్న కిటికీలోంచి చూస్తున్నాడు. నేను ఫోన్లో ఏ క్లిప్ పోస్ట్ చెయ్యాలా అని చూస్తున్నాను.

టెర్మినల్ బయట దిగాక తెలిసింది, మేం ఒంటరి కాదని. బెంచీల మీద, ట్రాలీల పక్కన, గోడలకి ఆనుకుని మనుషులు. కొందరి చేతులకి స్టేడియం బ్యాండ్ ఇంకా ఉంది. అందరి గొంతులూ బొంగురుపోయాయి. ఎవరో ఈల వేస్తే పది అడుగుల దూరంలో ఇంకెవరో అందుకుంటున్నారు. పేర్లు అడగటం లేదు. "ఏ ఊరు?", ఆ వెంటనే "ఏ సినిమా?" అంతే. ఆ రెండిటితో పరిచయం అయిపోతోంది.

మా బెంచీ దగ్గర తిరుపతి నుంచి వచ్చిన దంపతులు, బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక అనంతపురం అబ్బాయి చేరారు. ఫ్లైట్ కోసం కట్టిన పులిహోర డబ్బా నేను తీశాను. తిరుపతి ఆంటీ జంతికలు తీశారు. వాదన మొదలైంది. తెలుగులో ఇళయరాజాకి ఏ సంవత్సరం గొప్పది?

"1983" అన్నారు తిరుపతి అంకుల్. "'సాగర సంగమం', 'అభిలాష' ఒకే ఏడాది. ఇంక మాట్లాడకండి."

"1989 అంకుల్" అన్నాడు అబ్బాయి. "'గీతాంజలి', 'శివ', 'చెట్టు కింద ప్లీడర్'. నేను పుట్టింది 1997లో. అయినా నా ప్లేలిస్ట్ మొత్తం ఆ ఒక్క ఏడాదే."

ఆంటీ '1991' అన్నారు. 'ఆదిత్య 369', 'ఏప్రిల్ 1 విడుదల', 'కూలీ నెం.1'. కాసేపు ఎవరూ తగ్గలేదు.

తర్వాత మాట కొంచెం మెత్తబడింది. ఆ ఫిబ్రవరి 2నే కె.విశ్వనాథ్ గారు వెళ్ళిపోయారు. 'సాగర సంగమం', 'స్వాతిముత్యం', 'స్వర్ణకమలం' ఆయనవే. 'సాగర సంగమం' సంగీతానికి ఇళయరాజాకి జాతీయ అవార్డు వచ్చింది. ఆ పాటలు రాసిన వేటూరి 2010లో పోయారు. పాడిన బాలు గారు 2020లో. 'స్వర్ణకమలం', 'రుద్రవీణ' పాటలు రాసిన సిరివెన్నెల 2021లో. "ఒక్కొక్కరూ పోతా ఉంటే, ఈయన్ని ఒకసారన్నా ఎదురుగా చూడాలనిపించింది. అందుకే వచ్చినాం" అన్నారు ఆంటీ. ఇళయరాజా గారికి ఆ ఏడాది జూన్‌కి ఎనభై నిండబోతున్నాయి. ఎవరూ దాని గురించి ఇంకేం అనలేదు.

ఇంతసేపూ నాన్న నవ్వుతూ తల ఊపుతున్నాడు. ఆ ఊపు నాకు తెలుసు. మాటలు అందనప్పుడు ఊపే ఊపు. చుట్టూ ట్రాలీల చప్పుడు, కార్ల హారన్లు. జేబులోంచి మిషన్లు తీసి పెట్టుకున్నా పెద్ద తేడా లేదు.

అబ్బాయి ఆయన వైపు తిరిగి, "మీకేది నచ్చింది అంకుల్?" అన్నాడు.

నాన్న ఒక క్షణం నన్ను చూశాడు. తర్వాత మామూలుగా చెప్పేశాడు. "నాకు వేణువు వినపళ్ళేదు బాబూ. వాయిస్తన్నట్టు తెర మీద కనిపించింది. ఏటి వాయించాడో తెలీలేదు. నువ్వు విన్నావు కదా, చెప్పు."

నా గొంతులో పులిహోర ఆగిపోయింది. మూడు గంటలు పక్కన కూర్చున్నాను. నాకు తెలీదు.

నా దగ్గర వీడియోలున్నాయి కదా అని ఫోన్ తీశాను. మొదటిది పెట్టాను. ఈలలు, కేకలు, పక్క వరసలో ఎవరో తప్పు శ్రుతిలో పాడటం, అన్నిటికంటే గట్టిగా నా అరుపు. రెండోది కూడా అదే. డ్రమ్ము దగ్గర శబ్దం పగిలిపోతోంది. వేణువు ఎక్కడా లేదు. పదకొండు వీడియోల్లో ఒక్కదాంట్లో కూడా లేదు.

అబ్బాయి ఫోన్ వైపు చూడలేదు. లేచి వచ్చి నాన్నకి ఎదురుగా, లైటు మొహం మీద పడేలా కింద కూర్చున్నాడు. తను నాలుగేళ్ళుగా వేణువు నేర్చుకుంటున్నాడట. నెమ్మదిగా, ఒక్కో మాటా విడిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఏ పాటలో ఎక్కడ వచ్చింది, ఎక్కడ పైకి ఎక్కింది, ఎక్కడ ఊపిరి తీసుకున్నాడు. మాటలు చాలనప్పుడు గాల్లో చెయ్యి కదిపి చూపించాడు. పైకి వెళ్తే చెయ్యి పైకి, జారితే కిందకి. వేళ్ళతో రంధ్రాలు మూసి తెరిచి చూపించాడు. ఇళయరాజా బృందంలో ఏళ్ళ తరబడి వేణువు వాయించిన నెపోలియన్ గురించి చెప్పాడు. అరుణ్‌మొళి పేరుతో పాటలు పాడింది కూడా ఆయనే అంటే నాన్న కనుబొమలు పైకి లేచాయి.

నాన్న ఆ చేతినే చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఆ పాటలన్నీ ఆయనకి ముప్పై ఏళ్ళుగా తెలుసు. చెయ్యి ఎక్కడికి వెళ్తుందో ముందే తెలుసు. ఒకచోట అబ్బాయి ఆగి వెతుక్కుంటుంటే నాన్నే కూని రాగం తీసి అందించాడు.

అయ్యాక నాన్న, "మరి కింద ఏటి జరిగిందో చెప్పనా?" అన్నాడు.

"కింద అంటే?"

నాన్న ట్రాలీ హ్యాండిల్ మీద వేళ్ళతో వాయించాడు. బేస్ గిటార్ నడక. "ఇదంతా నాకు నేల లోంచి, కుర్చీ లోంచి వచ్చింది. పైన పాట ఒక దారిన ఎల్తాది, కింద ఇది ఇంకో దారిన ఎల్తాది. చివర్న ఇద్దరూ ఒకే కాడికి వస్తారు. నువ్వు ఇనలేదా?"

అబ్బాయి నిజంగానే వినలేదట. "నేనెప్పుడూ ఫ్లూట్‌నే ఫాలో అవుతాను అంకుల్. ఇన్నేళ్ళలో కింద ఇంకో ట్యూన్ ఉందని గమనించలేదు." ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వెంటనే ఒక పాత పాట పెట్టాడు. కాసేపటికి కళ్ళు పెద్దవయ్యాయి.

మీలో సంగీతం తెలిసినవాళ్ళు దీన్ని కౌంటర్‌పాయింట్ అంటారు. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర ఇళయరాజా నేర్చుకున్న పాశ్చాత్య సంగీతంలోంచి వచ్చిన పద్ధతి. ఒకే సమయంలో రెండు మూడు రాగాలు, దేని దారి దానిదే, అయినా ఒకదాన్నొకటి మోస్తుంటాయి. ఆయన ప్రతి వాద్యానికీ విడివిడిగా నొటేషన్ రాసిస్తాడు. కచేరీలో ఎక్కడైనా తేడా వస్తే మధ్యలో ఆపించి మళ్ళీ మొదలుపెట్టించడం కూడా అందుకే. ఒక్కరు తప్పితే మిగతావాళ్ళ దారి కూడా చెడుతుంది.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఇదే. ముప్పై వాద్యాలున్న పాటని ఒక్క మనిషి పూర్తిగా వినలేడు. ఒకరు వేణువు వింటారు, ఒకరు బేస్, ఒకరు సాహిత్యం. ఆంటీ అయితే కోరస్ అమ్మాయిల్నే చూస్తూ కూర్చున్నారట. కచేరీ అయ్యాక అభిమానులు అంతసేపు మాట్లాడుకునేది ఊరికే కాదు. ఎవరికి అందినది వాళ్ళు తెచ్చి ముందు పెడతారు. అన్నీ కలిస్తే అప్పుడు పాట పూర్తవుతుంది. నా దగ్గర మాత్రం పెట్టడానికి పదకొండు అరుపులున్నాయి.

నాలుగు దాటాక అందరూ లేచారు. బెంగళూరు అబ్బాయి నాన్న కాళ్ళకి దండం పెట్టబోతే ఆపి భుజం తట్టాడు. గేటు దగ్గర టికెట్, ఐడీ చేతికిచ్చి, అలవాటుగా "జాగ్రత్త నాన్నా!" అని అరవబోయాను. ఆగాను. ఎదురుగా వచ్చి నిలబడి, లైటు నా మొహం మీద పడేలా తిరిగి, మామూలు గొంతుతో నెమ్మదిగా అన్నాను. "ఇంటికెళ్ళాక వీడియో కాల్ చెయ్యి."

"అలాగేనమ్మా" అన్నాడు. "ఏటి?" అనలేదు.

ఇప్పుడు రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్. నేను ముందు ఒక పాట వింటాను. పైన ఏం జరుగుతోందో చేత్తో చూపిస్తాను. వేణువు నాకు రాదు కాబట్టి సగం తప్పులు. నాన్న నవ్వి సరిచేస్తాడు. కింద ఏం జరుగుతోందో ఆయన టేబుల్ మీద వేళ్ళతో చెప్తాడు. తిన్నావా అని అడగటం మొన్న ఇద్దరం మర్చిపోయాం.

మీరు ఈసారి ఏ కచేరీకి వెళ్ళినా ఒక్క పని చెయ్యండి. వీడియోలు తీసుకోండి, నేనేం వద్దనను. కానీ అప్‌లోడ్ చేసే ముందు పక్కనున్న మనిషి వైపు తిరిగి, "నీకేం వినిపించింది?" అని అడగండి. ఆ మనిషి మీ అమ్మో నాన్నో అయితే ఇంకా ముందే అడగండి.