పంపు కారితే గుడ్డ చుడతాం... మరి ఇది కారితే?

అట్లాంటాలో ఉండే మా బావ సంక్రాంతికి వస్తూ నాకో డబ్బా తెచ్చాడు. చాక్లెట్లేమో అనుకున్నా. విప్పి చూస్తే గుండ్రటి ఇత్తడి డబ్బీ, దానికి రెండు వైపులా ముడతలు ముడతల రబ్బరు గొట్టాలు. మా అమ్మ ఒకసారి చూసి, "దేని పార్టురా ఇది, వాషింగ్ మెషీన్‌దా?" అంది.

అది 1960ల నాటి స్కూబా రెగ్యులేటర్. మోడల్ పేరు ఆక్వా మాస్టర్. నేను రుషికొండలో డైవింగ్ నేర్చుకున్నానని తెలిసి, అక్కడెవరో పాత సామాన్లు అమ్ముతుంటే బావ కొన్నాడట.

ఇప్పటి రెగ్యులేటర్లను మీరు రీల్స్‌లో చూసే ఉంటారు. నోట్లో చిన్న ముక్క, దానికి ఒక సన్న గొట్టం, మొహం ముందు బుడగలు. పాతవాటిలో యంత్రం మొత్తం మెడ వెనక, సిలిండర్ మీదే కూర్చుంటుంది. ఒక గొట్టం గాలి తెస్తుంది, రెండోది మనం వదిలిన గాలిని వెనక్కి పట్టుకెళ్తుంది. బుడగలన్నీ తల వెనక నుంచి పోతాయి. అందుకే నీటి అడుగున ఫొటోలు తీసేవాళ్లకి ఇవంటే ఇప్పటికీ ముద్దు.

అంతా బాగానే ఉంది కానీ, ఒక లోటుంది. సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపే మీటర్ తగిలించడానికి దీనికి కన్నం లేదు. పక్కవాడికి గాలి అయిపోతే ఇవ్వడానికి రెండో మౌత్‌పీస్‌కీ చోటు లేదు. అందుకే పాత రెగ్యులేటర్ల పిచ్చి ఉన్న వాళ్లు ఇత్తడితో కొత్త ముక్కలు తయారు చేయించి వీటిలో అమరుస్తారు. సిలిండర్ వాల్వ్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య కూర్చునే బ్యాంజో ఫిట్టింగ్ అలాంటిదే. చూడ్డానికి లావుపాటి ఉంగరంలా ఉంటుంది, పక్కన మీటర్‌కి ఒక కన్నం.

"ఇంతేనా! మన ఊళ్లో లేతు షాపులు లేవా ఏంటి?" అనుకున్నా. రామచంద్రపురంలో రైసు మిల్లు షాఫ్టుల దగ్గర్నుంచి పంపుసెట్ బుష్‌ల దాకా అన్నీ తిప్పేస్తారు కదా. చిన్నప్పటి నుంచీ తెలిసిన మేస్త్రి గారి దగ్గరికి డబ్బీ పట్టుకుని వెళ్లా.

ఆయన కళ్లజోడు సర్దుకుని, మైక్రోమీటర్ పెట్టి కొలిచారు. మరలు వేలితో తడిమారు. "చేయొచ్చు అబ్బాయ్. ఇందులో ప్రెషరెంత?" అన్నారు.

"200 బార్ అండి."

"నాకర్థమయ్యేలా చెప్పు."

"బైకు టైరులో ఉండేదానికి దాదాపు వంద రెట్లండి."

డబ్బీని బల్ల మీద మెల్లగా పెట్టేశారు. "పంపు కారితే గుడ్డ చుడతాం. నీళ్ల అడుగున ఇది కారితే ఏం చుడతావు?"

నేను మాట్లాడలేదు. ఆయన ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. పాత ఇత్తడి కరగబోసి పోసిన కడ్డీల్లో లోపల గాలి బొబ్బలు ఉండొచ్చు, పైకి కనపడవు. లేతు మీద వాడే నూనె కన్నాల్లో మిగిలిపోతే ఊపిరితో పాటు లోపలికే పోతుంది. అన్నిటికంటే మరల సంగతి. డైవింగ్ సామాన్లలో చాలావాటికి అంగుళాల లెక్క మరలు. మీటర్‌కి 7/16 అంగుళం, అంగుళానికి 20 మరలు. రెండో మౌత్‌పీస్ గొట్టానికి సాధారణంగా 3/8 అంగుళం, అంగుళానికి 24 మరలు. మన షాపుల్లో ఎక్కువగా దొరికే ట్యాపులు మిల్లీమీటర్లవి. 3/8 అంగుళం అంటే 9.525 మి.మీ. దాన్ని సన్న మరల 10 మి.మీ. కన్నంలో పెడితే వదులుగా కొన్ని చుట్లు ఎక్కేస్తుంది కూడా. ఎక్కింది కదా అని నమ్మితే, ప్రెషర్ పెట్టాక ఎప్పుడు ఊడొస్తుందో చెప్పలేం.

ఇంటికొచ్చి ఈ యంత్రం చరిత్ర తిరగేశా. తమాషా ఏంటంటే, ఇది పుట్టడమే ఒక మార్పుతో పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పెట్రోలు కరువు. కార్లను గ్యాస్‌తో నడపడానికి ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీర్ ఒక రెగ్యులేటర్ చేశాడు. దాన్నే జాక్ కూస్తో కోసం ఊపిరికి పనికొచ్చేలా మార్చాడు. 1943లో మార్న్ నదిలో పరీక్షించారు. కూస్తో అడ్డంగా ఈదితే గాలి చక్కగా వచ్చింది. నిలబడితే ఊరికే పొంగిపోయింది, తలకిందులైతే అందలేదు. కారణం? గాలి వదిలే కన్నం, గాలి ఇచ్చే చోటుకి జానెడు దూరంలో ఉండటం. ఆ జానెడు నీటి ఎత్తులో ఉండే ఒత్తిడి తేడాయే ఊపిరిని తారుమారు చేసింది. రెండిటినీ పక్కపక్కన పెట్టాక పని కుదిరింది. వదిలిన గాలి మళ్లీ మెడ వెనక్కి ఎందుకు వెళ్తుందో అప్పుడర్థమైంది నాకు. ఆ రెండో గొట్టం అలంకారం కాదు!

మర్నాడు ఇదంతా చెబితే మేస్త్రి గారు నవ్వారు. "నాటు పనిని నేను తక్కువ చేయట్లేదురా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిందా... అక్టోబరు 22న దాన్ని బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం గారి బృందమే కదా, తాళ్లూ లంగర్లూ పట్టుకుని! కానీ ఆఖర్న నీళ్లలోకి దిగాల్సొచ్చినప్పుడు విశాఖ నుంచి వచ్చిన డైవర్లే దిగారు. ఎవరి పని వాళ్లది."

అలాగని ఆయన నన్ను ఖాళీ చేతులతో పంపలేదు. వైసులో బిగించినా క్రోమ్ పూత గీసుకుపోకుండా నైలాన్ దిమ్మలు చేసిచ్చారు. మూత తిప్పడానికి రెండు పిన్నుల స్పానర్ చేశారు. ఊపిరి తగలనివన్నీ రామచంద్రపురంలోనే తయారయ్యాయి. ప్రెషర్ తగిలే ముక్క మాత్రం, వాటినే తయారు చేసి పరీక్షించి అమ్మేవాళ్ల దగ్గర ఆర్డర్ పెట్టా. కొత్త డయాఫ్రమ్, గొట్టాలు కూడా. అరవై ఏళ్ల నాటి రబ్బరుని నమ్మి ఎవరు దిగుతారు చెప్పండి?

మీ ఇంట్లో కూడా ఇలాంటి పాత డైవింగ్ సామాను ఉంటే, ముందు దాన్ని సిలిండర్‌కి తగిలించొద్దు. విప్పడం తెలిసిన టెక్నీషియన్‌కి చూపించండి. కొత్త ముక్క చేయించాలనిపిస్తే ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇది పాడైతే ఆగేది పనా, ఊపిరా?

నా ఆక్వా మాస్టర్ ప్రస్తుతం షోకేసులో ఉంది. ముక్కలొచ్చాక టెక్నీషియన్ బిగిస్తాడు, తర్వాత స్విమ్మింగ్ పూల్, ఆ తర్వాతే రుషికొండ. ఆ రోజు తనూ వస్తానన్నారు మేస్త్రి గారు. "నేను ఒడ్డునే ఉంటాలే. నువ్వు పైకొచ్చాక ఆ స్పానర్ ఎలా పనిచేసిందో చెప్పు."